పడుగుతో సముద్రం దాటితే ఎంతవుతుంది

మొన్న మా చేనేత సంఘం ఆఫీసుకు వెళ్తే, అక్కడ లెక్కలు చూసే అమ్మాయి తన ఫోను నా కళ్లముందు పెట్టింది. అండమాన్‌లో మళ్లీ ఎగ్జిబిషన్ పెడుతున్నారట, మన మగ్గాన్ని మళ్లీ రమ్మన్నారట. మద్రాసు దాకా రైలు, అక్కడినుంచి ఓడ. లేదంటే మద్రాసునుంచి విమానం. లేదంటే హైదరాబాద్‌నుంచే విమానం. మూడు దారుల ఖర్చూ పక్కపక్కన కనిపిస్తున్నది.

"సూడు తాతా, ఓడనే సస్త. ఇండ్ల సోంచాయించేటిదేం లేదు" అంది. సస్త అంటే చవక.

నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. చాలా ఏళ్ల కింద ఇదే మాటను ఇదే గదిలో ఇంకొకరి నోట విన్నాను. అప్పుడు లెక్క ఫోనులో లేదు, నేను రాసిన కాగితంలో ఉంది. ఆ కాగితంలో నేను రాసిన ఒక వరసను అందరూ నవ్వి కొట్టేశారు. ఆ వరస మళ్లీ ఎట్లా వచ్చి చేరిందో మీకు తెలియాలి. మీరు మగ్గం మీద కూర్చున్నా, కంప్యూటర్ ముందు కూర్చున్నా, రేపు ఇట్లాంటి లెక్క మీ ముందుకు వస్తుంది.

నేను బడిలో చదివింది తక్కువ. నూలు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదువుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను. కొంచెం రాయడం, కొంచెం హిందీ, కొంచెం అంగ్రేజీ వచ్చాయి కాబట్టి సంఘం నన్ను మగ్గం మీదినుంచి లేపి సేల్స్‌మన్‌ను చేసింది. ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా మూటలు కట్టుకుని పోవడం, స్టాలు పెట్టడం, అమ్మడం నా పని. మక్తల్ వైపు మా ఎర్ర నేలలకు సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు గానీ, నీళ్లు దాటడం మాత్రం తెలుసు. వయసులో ఉన్నప్పుడు కొల్లాపూర్ దగ్గర కృష్ణ దాటి అవతలి ఊళ్లలో చీరెలు అమ్మేవాణ్ణి. పుట్టిలో దాటితే చవక, చుట్టూ తిరిగి బస్సులో పోతే ఖరీదు. కానీ గాలి లేచిన నాడు పుట్టి నడిపేవాడు ఒడ్డున బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. నేనూ కూర్చునేవాణ్ణి. ఆ కూర్చున్న పూటకు చవకెంత, ఖరీదెంత అని అప్పటినుంచే నాకు అనుమానం.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, అండమాన్ ఎగ్జిబిషన్‌కు మమ్మల్ని మొదటిసారి పిలిచారు. షరతు ఒక్కటే. స్టాలులో మగ్గం ఆడుతూ ఉండాలి. జనం ముందు నేసి చూపిస్తే చోటు ఉచితం. మగ్గం ఆగితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మగ్గపు చట్రం వాళ్లే ఇస్తారు. మనం పడుగు తీసుకుపోవాలి. పడుగు అంటే చీరెకు నిలువునా పోయే పోగుల కట్ట. ఎనిమిది చీరెలకు సరిపడే పోగులను ఒకే పొడవున సాగదీసి, గంజి పెట్టి, ఆరబెట్టి, కర్రకు చుడతాం.

ఎవరు పోవాలన్నప్పుడు మా వీధిలోని ఒక జంటను అనుకున్నాం. అతనికి నలభై దాటాయి. చేతిలో పని ఉంది గానీ మనసు సగం లేచిపోయింది. భార్య అన్న హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పక్క అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ జాగా ఖాళీ అయితే ఇతనికోసం ఆపి పెట్టాడు. ఇతనికి కూడా ఇష్టమే. ఒకటే మాట అన్నాడు నాతో.

"కాకా, గీ ఒక్కపాలి పోయొస్త. సముద్రం అవుతలోళ్లు గూడ మన చీరె వద్దంటె, మగ్గం ఇప్పి అటక మీద పెడ్త. మగ్గం కింద కాళ్లు పెట్టే గుంత పూడుస్త. గేటు కాడ కుర్సీ ఏస్కోని కూసుంట."

అతని భార్య నాకు వరసకు కోడలు. ఆమె కండెలు చుడుతూ తలెత్తకుండా అంది, "గుంత నేను పూడ్వనియ్య మామా. ముందుగాల పోయిరానియ్యి."

కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు పెద్దమనిషి, నిజాయితీపరుడు, ఒక్క పైసా తిన్నవాడు కాదు. అదే ఆయనతో చిక్కు. నేను కాగితం చదవడం మొదలుపెట్టకముందే ఆయన అడ్డుపడ్డాడు.

"సీదా రైల్లనే పోతె ఐపాయె గదా?"

"అది దీవి పెద్దయ్యా. చుట్టూ సముద్రం. రైలు పోదు."

"నాకు జెప్పుతున్నవా? మొన్న రామేశ్వరం పోయిన గదా. రైలు సముద్రం మీదికెల్లే వోయింది. కిటికీలకెల్లి సూస్తె కింద నీళ్లే. నా భార్య కండ్లు మూస్కోని దండం పెట్టింది."

"గది వంతెన. గీడ వంతెన లేదు."

"లేకుంటె కడ్తరు తియ్యి" అన్నాడు ఆయన, రైలు వదులుకోవడం ఇష్టం లేక. గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. రైలు మద్రాసు దాకే అని ఒప్పుకోవడానికి ఒక టీ పట్టింది.

ఇక మిగిలింది ఓడా, విమానమా. విమానంలో ఒకరు పోయే పైసలతో ఓడలో అట్టడుగు బెర్తు మీద ముగ్గురం పోవచ్చు. అంత తేడా ఉంది. నేను కింద ఇంకో వరస రాశాను: నేసేవాళ్ల దినాలు. ఓడకు ఎన్ని, విమానానికి ఎన్ని. దాని పక్కన, మగ్గం మీద ఉంటే ఆ దినాల్లో ఎంత నేసేవారో రాశాను.

ప్రెసిడెంటు ఆ వరస మీద వేలు పెట్టాడు. "గిదేందిది?"

"వాళ్ల కూలి."

"ఏం కూలి? చీరె నేస్తె కూలి. నెయ్యకుంటె సంఘం ఎందుకిస్తది? ఓడల కూసున్ననాడు సంఘం మీద ఒక్క పైస పడదు. కొట్టెయ్ దాన్ని."

చెప్పింది అక్షరాలా నిజం. సంఘం మీద పడదు. ఎవరి పొయ్యి మీద పడుతుందో సంఘం కాగితంలో రాయడానికి చోటే లేదు. అదే కాగితంలో మాతో వచ్చే చేనేత శాఖ ఆఫీసరుకు విమానం అని రాసి ఉంది. ఆయన దినాలు విలువైనవట. నేను అరిచాను. బాగానే అరిచాను. మనిషికీ మనిషికీ దినంలో గంటలు వేరే వేరేగా ఉంటాయా అన్నాను.

"పోనీ, ఇమానంల గా పొడుగు కర్ర ఎక్కనిస్తరా?" అన్నాడు ఆయన.

ఆ సంగతి నేను అడిగి తెలుసుకోలేదు. నా వరస మీద గీత పడింది, ఓడ ఖాయమైంది.

పడుగు తయారైన నాడు వీధి వీధంతా బయటికి వచ్చింది. మా దగ్గర పడుగుకు గంజి పెట్టడం ఒక్క ఇంటి పని కాదు. తెల్లవారగానే వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా పోగులు సాగదీస్తారు. ఎవరి పడుగైనా సరే, పది ఇళ్లవాళ్లు వచ్చి పట్టుకుంటారు. గంజి పూసి, పెద్ద కుంచెతో దువ్వుతూ, ఎండ ముదరకముందే ముగించాలి. ఈ పడుగు మిరపపండు రంగు. సముద్రం దాటి పోతున్నదని తెలిసి పిలవనివాళ్లు కూడా వచ్చారు. ప్రతి ఒక్కరిదీ ఒకటే సలహా.

"దూరం పోతాంది. గంజి జర గట్టిగ పెట్టుండ్రి."

మాకు తెలిసింది అదే. మా ఎండలో, మా పొడి గాలిలో గంజి ఎంత గట్టిగా ఉంటే పోగు అంత బలంగా ఉంటుంది. అందుకని గట్టిగా పెట్టాం. ఆరగానే చుట్టి, గుడ్డ కప్పి, దాని మీద టార్పాలిన్ గాలి చొరకుండా బిగించి కట్టాం. పసిపిల్లను చలిలో బయటికి తీస్తున్నట్టు చుట్టాం. మూట తూకం చూస్తూ నేను కోడలు పెట్టెలోని కుంచె తీసి పక్కన పెట్టాను. "గంజి పెట్టుడు అయిపాయె, గిదెందుకు బిడ్డా, బరువు" అంటే, ఆమె దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసి, మూత మీద కూర్చుంది.

మద్రాసులో దిగితే ఓడ ఇంకా బయల్దేరలేదు. రేపన్నారు. రేపు వచ్చాక ఎల్లుండి అన్నారు. హార్బరు దగ్గర ఒక లాడ్జిలో పడి ఉన్నాం. గోడలు చెమట పట్టినట్టు తడిగా ఉండేవి, ఉతికిన బట్ట ఆరేది కాదు. మాకది వింతగా తోచింది గానీ, దాన్ని పడుగుతో కలిపి ఆలోచించలేదు.

ఓడలో మా బెర్తులు అట్టడుగున. ఉక్క, నూనె వాసన. నేను, కోడలు పైకి వెళ్లి గాలి పీల్చుకుని వచ్చేవాళ్లం. అతను మాత్రం కదలలేదు. మూట మీద చెయ్యి వేసి పడుకున్నాడు.

"ఒక్కసారి పైకి రా. నీళ్లల్లకెల్లి చేపలు ఎగురుతున్నయి" అంది భార్య.

"చేపలు నేను మక్తల్ సంతల సూసిన. నువ్వు సూడు పో."

సముద్రం దాటిన మనిషి సముద్రం చూడలేదు. కిందనే ఉన్నాడు.

ఎగ్జిబిషన్ మైదానంలో మూట విప్పినప్పుడు ముందు వాసన వచ్చింది. పులిసిన గంజి వాసన. టార్పాలిన్ లోపల నీళ్లు ఊరి ఉన్నాయి. పోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిరపపండు రంగు మీద బూడిద చల్లినట్టు బూజు. అతను పోగుల్ని రెండు వేళ్లతో విడదీయబోతే పుటుక్కున తెగాయి. ఇంకోచోట చూశాడు. అక్కడా తెగాయి. నేల మీద కూర్చుండిపోయాడు.

పక్కనే టీ, ఇడ్లీ అమ్మే ఆమె మా మాట విని వచ్చింది. శ్రీకాకుళం వైపునుంచి వాళ్ల తాతల కాలంలోనే వచ్చి అక్కడ స్థిరపడ్డారట. మూట చూసి ముక్కు మీద వేలు వేసుకుంది.

"ఏటి బాబూ, గంజి పెట్టి, మూతి కట్టేసి, సముద్రం మీద తెచ్చారా? ఇక్కడ అప్పడాలే నిలవుండవు."

"మా తాన సముద్రం లేదమ్మా" అన్నాన్నేను.

"లేనివాళ్లకి సముద్రంతో పనేటి?"

నవ్వుతూనే అంది, కానీ అతనికి తగిలింది. లేచి చేతులు దులుపుకున్నాడు. "నిజమే అన్నది. మనకేం పని ఈడ. కాకా, బావకు ఫోన్ చేస్త. జాగా ఇంకెవ్వలకు ఇయ్యొద్దని చెప్త."

అప్పటికే విమానంలో వచ్చిన ఆఫీసరు అక్కడికి చేరాడు. చిన్న వయసు, మర్యాద తెలిసినవాడు. సంగతి విని ముఖం వాడిపోయింది. రేపు సాయంత్రం నిర్వాహకులు స్టాళ్లు చూడడానికి వస్తారని, అప్పటికి మగ్గం ఆడకపోతే చోటు పోతుందని చెప్పాడు. తను చేయగలిగిందేమీ లేదన్నాడు.

కోడలు పెట్టె తెరిచి కుంచె తీసింది. మొగుడి ముందు పెట్టింది.

"కడుగుదాం" అంది.

"ఏం కడుగుతవ్?"

"గంజి. మొత్తం తీసేసి మల్ల పెడదాం. పల్సగ."

"ఈడ సాగదీసెతందుకు వీధేది? పట్టెటోళ్లెవ్వలు? మనం ముగ్గురం. పడుగు సంగతి నీకెర్క లేదా?"

"వీధి లేకుంటె మైదానం ఉంది గదా. పట్టెటోళ్లను మామ తోలుకొస్తడు." నా వైపు తిరిగింది. "తోల్కరావా మామా?"

అంత సూటిగా అడిగితే ఏమంటాను? జీవితమంతా జనాన్ని పిలిచి చీరె కొనమని అడగడమే నా పని. ఈసారి కొనొద్దు, ఊరికే పట్టుకోండి అని అడగాలి. స్టాలు స్టాలుకూ తిరిగాను. వెదురు బుట్టల వాళ్లు, శంఖాలు అమ్మే ముసలాయన, బెంగాల్‌నుంచి వచ్చిన ఇద్దరు నేతగాళ్లు. వాళ్లకు మాత్రం మాట చెప్పనవసరం లేదు, పడుగును చూడగానే అర్థమైంది. టీ కొట్టు ఆమె వాళ్ల వీధిలో చెప్పి వచ్చింది. "రేపు పొద్దున్నే వస్తాం బాబూ, మీ పోగు మేమూ పడతాం" అంది. ఇందాకటి మాట వెనక్కి తీసుకున్నట్టే అనిపించింది.

తెల్లవారి మైదానంలో పడుగు సాగింది. స్టాళ్లకోసం తెచ్చిన వెదురు బొంగులు పాతి, మధ్యమధ్య మనుషులను నిలబెట్టాం. మా వీధిలో అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కరలేదు, చంటిపిల్లకు కూడా ఎంత లాగాలో తెలుసు. ఇక్కడ అతను ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి చూపించాల్సి వచ్చింది. భాష రాదు. చేతులు పట్టుకుని చూపించాడు. శంఖాల ముసలాయన గట్టిగా లాగుతుంటే, "ఆవు పలుపు కాదయ్యా, జర వదులు" అని తెలుగులోనే అన్నాడు. ఆయన వదిలాడు.

ఒక కొస పట్టుకోవడానికి మనిషి తక్కువయ్యాడు. ఆఫీసరు దూరంగా నిలబడి ఉన్నాడు. కోడలు అతన్ని పిలిచింది.

"సారూ, ఊకె నిల్సున్నవు గదా, గీ కొస పట్టు."

ఆయన బూట్లు విప్పి ప్యాంటు మడిచి వచ్చాడు. పొడుగు చేతులు, బాగానే పట్టుకున్నాడు. మధ్యలో ఫోను మోగితే తీయబోయాడు. "చెయ్యి ఇడ్సిపెడితె పోగు తెగుతది సారు" అంది. ఫోను మోగి మోగి ఆగింది.

తడి గుడ్డలతో పాత గంజి తుడిచాం. కుంచెతో దువ్వుతుంటే బూజు రాలింది. టీ కొట్టు పొయ్యి మీదే బియ్యం గంజి కాచాం, నీళ్లలాగా పలచగా. మా దగ్గర గంజిలో కొంచెం పల్లీనూనె వేస్తాం. అక్కడ పల్లీనూనె లేదు. టీ కొట్టు ఆమె కొబ్బరినూనె సీసా తెచ్చింది. "ఇది వెయ్యండి. ఈ గాలికి ఇదే మందు." అతను సందేహించాడు, వాసన చూశాడు, భార్య వైపు చూశాడు, పోశాడు. దువ్వాక పోగులు విడివిడిగా మెరిశాయి.

ఆ పొద్దు మబ్బు రాలేదు, అది మా అదృష్టం. ఎర్రటి పడుగు మైదానం మధ్యన బారుగా ఆరుతుంటే, పక్కనే ఉన్న బడికి పోయే పంతులమ్మలు ఆగి చూశారు. ఇది చీరె అవుతుందా అని అడిగారు. అవుతుంది, సాయంత్రం రండి అన్నాను.

సాయంత్రానికి మగ్గం ఆడింది. అప్పుడప్పుడు పోగు తెగుతూనే ఉంది. తెగినప్పుడల్లా అతను ఆగి, అతికి, మళ్లీ నేశాడు. నిర్వాహకులు వచ్చి చూసి పోయారు. చోటు నిలిచింది. పడుగు కొసల్లో పాడైనంత మేర కోసేశాం, ఎగ్జిబిషన్ ముగిసేలోగా ఎనిమిది చీరెలకు ఏడు దిగాయి. ఏడూ పంతులమ్మలే తీసుకున్నారు. మిగతా పంతులమ్మలకు కూడా అదే రంగు, అదే అంచు కావాలని, బడి పండుగకల్లా పంపాలని ఆర్డరు ఇచ్చారు. తమ కళ్లముందు మైదానంలో ఆరిన పడుగు కాబట్టి అంత ఇష్టం. ఆ విషయం వాళ్లే చెప్పారు. మొదటి చీరె తీసుకున్నామె కట్టుకుని వచ్చి చూపించినప్పుడు, అతను తలవంచుకుని, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె సరిచేసుకుంటున్నాడు. అతని చెవులు ఎర్రబడడం నేను చూశాను.

తిరుగు ప్రయాణానికి మళ్లీ ఓడే. నేను ఫోన్ చేసి ప్రెసిడెంటుకు చెబుతున్నాను. కోడలు నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"పెద్దయ్యా, ఆర్డరు చీరెలున్నయి. బడి పండుగకు పంపాలె. ఓడల కూసుంటె ఆడ మా మగ్గం ఖాళీగ ఉంటది. గా దినాలు ఎవ్వలయి? మావే గాదు, నీవి గూడ. మామ రాసిన కాయిదం నీ తాన్నే ఉంది గదా. నువ్వు కొట్టేసిన వరస మల్ల రాసి సూడు. సూసి నువ్వే చెప్పు, ఏది సస్తనో."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. పక్కన ఆఫీసరు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. చివరికి ప్రెసిడెంటు గొంతు వినిపించింది.

"కర్ర ఎక్కనిస్తరా ఇమానంల?"

"కర్ర ఈడనే ఇడ్సిపెట్టి వస్తున్నం. పడుగు అయిపాయె పెద్దయ్యా."

విమానమే ఎక్కాం. హైదరాబాద్ దాకా. అతను కిటికీ పక్కన కూర్చున్నాడు. రెక్క కిందినుంచి నీళ్లు కనిపించినప్పుడు ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. పోయేటప్పుడు చూడని సముద్రం మొత్తం ఒకేసారి చూశాడు.

"గింతేనా కాకా?"

"గింతే."

"దీని మీద గన్ని దినాలు పోగొట్టుకున్నమా?"

ఇప్పుడు ఆ ఫోనులోని మూడు అంకెల్లో రాని ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఓడ దిగి రైల్లో వచ్చి ఉంటే హైదరాబాద్‌లోనే దిగేవాళ్లం. స్టేషన్‌కు కోడలి అన్న వచ్చి నిలబడేవాడు. పక్కనే ఇల్లు, పొద్దున పోయి జాగా చూద్దాం అనేవాడు. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఏం బాగుంటుంది అని ఇతను వెంట నడిచేవాడు. నాకు అనుమానం లేదు. మనిషి మనసు నిన్న గట్టిపడింది, రేపటిదాకా ఆగుతుందని ఎవరు చెప్పాలి? విమానం దిగేది శంషాబాద్‌లో. అది మా వైపు. గేటు బయటికి వచ్చి రోడ్డెక్కితే పాలమూరు బస్సు దొరుకుతుంది, పట్నంలో అడుగు పెట్టే పనే లేదు.

బస్సు కదిలాక ఫోను మోగింది. కోడలి అన్న. ఎక్కడున్నావని అడిగినట్టున్నాడు. ఇతను కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"బావా, మేము పట్నం రాలే. పట్నం ఈవలనే దిగినం. షాద్‌నగర్ దాటుతున్నం."

కాసేపు విన్నాడు. తర్వాత, "ఆ జాగా ఎవ్వలకన్న ఇయ్యి" అని పెట్టేశాడు.

కోడలు కుంచె ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నది.

లెక్కలు చూసే అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఫోను కాసేపు చూసి, పెన్ను తీసుకుంది. "నేసేటోళ్ల దినాలకు ఎంత రాయాలె తాతా?" అని అడిగింది. వాళ్లనే అడుగు అన్నాను. మగ్గం చప్పుడు ఆఫీసులోకి వినిపిస్తున్నది. ఆమె లేచి అటు నడిచింది.